ఉప్పు కాలవలో మనుషుల పడవ ఎందుకంత నిదానం?

బకింగ్‌హామ్ కాలవ గురించి నెల్లూరు సైడు గానీ ఒంగోలు సైడు గానీ ఏ పెద్దాయన్ని కదిలించినా రెండు మాటలు గ్యారంటీగా వస్తాయి, ఒకటి మా తాతలు మద్రాసుకి పడవలో పోయేవాళ్ళు అని, రెండోది రోజులకి రోజులు పట్టేది అని. రెండో మాట విన్నాక ఎవరూ ఇంకేం అడగరు, పాతకాలం కదా అన్నీ నిదానమే అని సర్దుకుంటారు. కానీ 1830ల్లోనే స్కాట్లండ్‌లో గ్లాస్గో, పెయిస్లీ మధ్య కాలవ మీద గుర్రాలు లాగే మనుషుల పడవలు గంటకి 16 కిలోమీటర్ల దాకా పరిగెత్తాయి, మన కాలవ ఇంకా పెదగంజాం మొహం కూడా చూడని రోజుల్లో. కాబట్టి పాతకాలం అనే సమాధానం సరిపోదు. మన పడవ నిదానానికి కారణాలు వెతికితే అవి పడవలో కంటే కాలవలోనే ఎక్కువ దొరుకుతాయి.

ముందు కాలవ సంగతి. 1806లో బేసిల్ కాక్రేన్ అనే దొర మద్రాసు నుంచి ఎన్నూరు దాకా 11 మైళ్ళు తవ్వించాడు, 1837లో సర్కారు దాన్ని చేతిలోకి తీసుకుంది, ఆ తర్వాత పులికాట్ దాకా, అక్కడి నుంచి దుగరాజపట్నం, కృష్ణపట్నం, మైపాడు, ఇస్కపల్లి, రామాయపట్నం, కొత్తపట్నం మీదగా కొంచెం కొంచెంగా పెరుగుతా పెదగంజాం చేరింది, మద్రాసు నుంచి లెక్కేస్తే సుమారు 315 కిలోమీటర్లు. మద్రాసు ఊళ్ళో అడయారునీ కూవంనీ కలిపే 8 కిలోమీటర్ల ముక్కని 1877-78లో ధాత కరువు అప్పుడు కూలికి మనుషుల్ని పెట్టి తవ్వించారు, అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ కాబట్టి పేరు ఆయనది పడింది. పెదగంజాం దగ్గర ఇది కొమ్మమూరు కాలవని కలుస్తుంది, కొమ్మమూరు నుంచి కృష్ణా కాలవలు, ఏలూరు కాలవ, గోదావరి, అట్లా కాకినాడ దాకా నీళ్ళ మీదే పోవచ్చు. మ్యాపులో చూస్తే ఒకటే గీత. పడవకి మాత్రం పెదగంజాం దగ్గర దారి స్వభావమే మారిపోతుంది, ఎందుకంటే అటు కొమ్మమూరులో ఉండేది బెజవాడ ఆనకట్ట నుంచి వచ్చే తియ్యటి నీళ్ళు, ఇటు ఉండేది సముద్రపు పోటుతో ఎక్కి దిగే ఉప్పునీళ్ళు.

ఉప్పునీళ్ళు కదా అని ఒక మాటలో తేల్చేస్తే పడవ డిజైన్ సగం అర్థం కాదు. కొమ్మమూరు మీద పోయే పడవలో దాహమేస్తే చెంబు కాలవలో ముంచుకుంటే సరి. పెదగంజాం దాటాక చుట్టూ నీళ్ళే ఉన్నా తాగడానికి చుక్క ఉండదు. అందుకని జనం ఎక్కే పడవలో మంచినీళ్ళ కుండలకి కదలకుండా కూర్చునే జాగా కావాలి, వంటకి వేరే నీళ్ళు కావాలి, రేవు రేవుకీ ఆగి ఊరి బావి నుంచి నింపుకోవాలి. అంటే పడవ ఎక్కడ ఆగుతుంది అనేది జనం ఎక్కే చోటుని బట్టే కాకుండా మంచినీళ్ళ బావిని బట్టి కూడా తేలాలి. ఇసక దిబ్బల్లో రెండు మూడు అడుగులు తవ్వితే తియ్యటి నీళ్ళు ఊరే చోట్లు మన తీరంలో చానా ఉన్నాయి, ఆ చెలమలు తెలిసిన సరంగుకి ఉన్న విలువ అక్కడ. ఇంకో బాధ చెక్కది. ఉప్పునీళ్ళలో చెక్కని తొలిచే పురుగు ఉంటుంది, బయటికి చిన్న బెజ్జం కనిపిస్తుంది, లోపల పలక మొత్తం జల్లెడైపోయి ఉంటుంది. దానికోసం అప్పుడప్పుడూ పడవని గట్టెక్కించి అడుగు గీకి, కాల్చి, తారు పుయ్యాలి, అన్ని రోజులూ పడవ సంపాదన లేకుండా పడుంటుంది.

ఇప్పుడు పడవ ఆకారం. అడుగు బల్లపరుపు, ఇది అందరికీ తెలిసిందే, నీళ్ళు మూడు నాలుగు అడుగులు ఉన్నచోట పోవాలంటే వేరే దారి లేదు. సముద్రంలో అలల మీద నడిచే మసూలా పడవకీ దీనికీ అసలు చుట్టరికమే లేదు, మసూలా పడవ పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేవాళ్ళు, ఒడ్డుకి కొట్టుకున్నప్పుడు వంగి తట్టుకునేట్టు. కాలవ పడవకి అలల గొడవ లేదు, దానికి కావాల్సింది బరువు మొయ్యడం, ఇసకలో ఆనినా అడుగు ఊడకపోవడం, అందుకని మేకులు కొట్టి బిగించిన గట్టి కట్టుబడి.

బల్లపరుపు అడుగు కంటే ఎక్కువ విషయం చెప్పేది పడవ అంచు. గెడ వేసే పద్ధతి ఒకసారి జాగ్రత్తగా చూస్తే తెలుస్తుంది. కళాసి ముక్కు దగ్గర నిలబడి గెడని నేలకి దించుతాడు, దాని పైకొనని భుజానికి ఆనించుకుంటాడు, ఇంక వంగి ఆ గెడని నెడుతూ పడవ అంచు మీద తోక దాకా నడుచుకుంటూ పోతాడు, మనిషి వెనక్కి నడుస్తుంటే ఆయన కాళ్ళ కింద పడవ ముందుకి జారుతుంది. తోక దగ్గరికి రాగానే గెడ పీక్కుని మళ్ళీ ముక్కుకి పరిగెత్తాలి. అంటే పడవకి రెండు పక్కలా ఈ చివర నుంచి ఆ చివర దాకా మనిషి కాలు పట్టేంత పలక ఖాళీగా ఉండాలి, దాని మీద సామాను పెట్టకూడదు, గూడు స్తంభాలు దిగకూడదు, ఎవరూ కూర్చోకూడదు. ఎనిమిది తొమ్మిది అడుగుల వెడల్పున్న పడవ అనుకుంటే అటూ ఇటూ కలిపి రెండడుగులు ఈ నడకకే పోయాయి. జనానికి మిగిలేది మధ్యలో సన్నటి గది. గుర్రం లాగే పడవకి ఈ ఖర్చు లేదు, అంచు దాకా గది కట్టుకోవచ్చు. మన పడవలో ఇరుకు ఎక్కడి నుంచి వచ్చిందంటే ఇక్కడి నుంచి.

గూడు ఎత్తు ఇంకో తమాషా. వెదురు దబ్బలు వంచి, చాపలో తాటాకులో కప్పి, మనిషి నిలబడితే తల తగిలేంత ఎత్తులో కడతారు. ఇది చూసి పాపం ఎంత ఇబ్బందిగా ఉండేదో అనిపిస్తుంది గానీ, కింద చాప పరుచుకుని బాసింపట్టు వేసుకుని కూర్చునే జనానికి నాలుగడుగుల ఎత్తు చాలు. అమెరికాలో 1825లో తెరిచిన ఈరీ కాలవ మీద మనుషుల పడవలు దాదాపు 78 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు, లోపల బెంచీలు, భోజనం బల్లలు, రాత్రయితే గోడలకి మూడు వరసల్లో వేలాడే పడకలు. బెంచీ మీద కూర్చునే మనిషికి తల పైన జాగా కావాలి, నిలబడి నడవాలంటే ఇంకా కావాలి, గది ఎత్తు పెరిగిందంటే గాలి తగిలే గోడ పెరిగింది, బరువు పైకెక్కింది, కాబట్టి పడవ వెడల్పు పెరగాలి. నేల మీద కూర్చునే అలవాటు వల్ల మన పడవకి ఈ బెడద మొత్తం తప్పింది. బరువంతా కిందనే ఉంటుంది, బంగాళాఖాతం గాలి అడ్డంగా కొట్టినా ఒరిగిపోదు. ఇది ఎవరూ కాయితం మీద గీసి కనిపెట్టింది కాదులే గానీ ఇంజనీరింగ్‌గా చూస్తే మాత్రం మంచి తెలివి.

గాలి మాట వచ్చింది కాబట్టి తెరచాప సంగతి కూడా. కాలవ ఉత్తరం దక్షిణంగా సముద్రానికి సమాంతరంగా పోతుంది, మధ్యాహ్నం అయితే సముద్రం గాలి తూర్పు నుంచి వస్తుంది, అంటే పడవ మద్రాసు పోయినా ఒంగోలు పోయినా గాలి పక్క నుంచే. వినడానికి బాగుంది, రెండు వైపులా పనికొచ్చే గాలి అని. కానీ అడుగున కీల్, అంటే పడవ పక్కకి జారకుండా నీళ్ళలోకి దిగి ఉండే పలక, లేని పడవకి పక్క గాలి పెద్ద సాయం చెయ్యదు, ముందుకి ఎంత తోస్తుందో పడమటి గట్టు మీదకి అంత నెడుతుంది, ఒకడు చుక్కాని పట్టుకుని కొట్లాడతా ఉండాలి, ఇంకొకడు గెడతో గట్టు నుంచి తోస్తా ఉండాలి. చాప నిజంగా కలిసొచ్చేది గాలి వెనక నుంచి ఉన్నప్పుడు, ఉదాహరణకి ఈశాన్య గాలి పట్టే నెలల్లో మద్రాసు వైపు పోయేటప్పుడు. తిరుగు ప్రయాణంలో అదే గాలి ఎదురు.

ఇక మిగిలింది తాడు. కళాసులు గట్టు దిగి, తాడు చివర కర్ర ముక్కో గుడ్డ పట్టీనో రొమ్ముకి అడ్డం వేసుకుని లాగడం. తాడుని పడవ ముక్కుకి కడితే ముక్కు గట్టు వైపుకే తిరిగిపోతుంది, అందుకని ముక్కుకి కాస్త వెనక నిలబెట్టిన స్తంభానికి కడతారు, ఎత్తులో కడితే గట్టు మీద చెట్లూ చేమలకి తగలకుండా పోతుంది, వంతెన వస్తే తాడు విప్పాలి, స్తంభం దించాలి. మనిషి రోజంతా ఇట్లా లాగితే గంటకి మూడు కిలోమీటర్లు అనుకోవచ్చు. 315 కిలోమీటర్లకి ఎక్కడా ఆగకుండా అయితే 105 గంటలు, అంటే నాలుగు రోజుల పైన, ఆగకుండా ఎవరూ లాగలేరు కాబట్టి వారమో ఇంకాస్త ఎక్కువో. మన తాతల లెక్క అబద్ధమేం కాదు.

మరి గుర్రం ఎందుకు పెట్టలేదు? మెత్తటి రోడ్డు మీద రెండు టన్నులు లాగే గుర్రం కాలవలో 50 టన్నులు లాగుతుందని ఇంగ్లాండులో పాత అంచనా ఉంది, అంత లాభం ఉన్నప్పుడు వదులుకోవడం ఎందుకు? గుర్రానికి గట్టు మీద తెగకుండా పోయే గట్టి దారి కావాలి. మన కాలవ దారిలో గుండ్లకమ్మ, పాలేరు, మన్నేరు, పెన్నా, కండలేరు, స్వర్ణముఖి అడ్డం వస్తాయి, ఇవి కాక పేరు పెట్టని ఉప్పు కయ్యలు, వాగులు బోలెడు, కొన్ని చోట్ల కాలవ అంటే తవ్విన కాలవే కాదు, ఉన్న ఉప్పుటేరునో బ్యాక్‌వాటర్‌నో కలుపుకుంటూ పోయిన దారి. పులికాట్ పక్కన అయితే ఎటు చూసినా పలచటి నీళ్ళూ బురదే. మనిషైతే వాగు దగ్గర పడవెక్కుతాడు, అవతల దిగుతాడు, మోకాళ్ళ లోతు బురదలో కూడా లాగుతాడు, గెడ అవసరమైన చోట గెడ తీసుకుంటాడు. గుర్రంతో ఇవేవీ కుదరవు. పైగా కూలి చవక, అది కూడా దాచాల్సిన విషయమేం కాదు.

సరే, గుర్రం దొరికింది, గట్టు కూడా వేశారు అనుకుందాం. అప్పుడు స్కాట్లండ్ పడవలాగా పరిగెత్తేదా? ఇక్కడ నీళ్ళ ఫిజిక్స్ అడ్డం వస్తుంది. కాలవలో పడవ ముందుకి పోవాలంటే ముందున్న నీళ్ళు పక్కల నుంచీ కింద నుంచీ వెనక్కి రావాలి. ఇరుకు సందులో లారీ దూరితే పక్కన మనిషి తప్పుకోడానికి జాగా ఉండనట్టే, కాలవ ఇరుకై పడవ లావైతే నీళ్ళకి వెనక్కి పోయే దారి ఉండదు, ముక్కు ముందు గుట్టగా లేస్తాయి, తోక కింద పల్లమవుతుంది, పడవ తన అల మీదకి తనే ఎక్కుతున్నట్టు అవుతుంది. ఆ అల వేగం లోతుని బట్టి ఉంటుంది, నాలుగడుగుల లోతుంటే గంటకి 12 కిలోమీటర్ల చిల్లర. దానికి దగ్గరయ్యే కొద్దీ లాగడానికి కావాల్సిన బలం విపరీతంగా పెరుగుతుంది. కానీ ఆ అలని దాటి దాని వీపు మీదకి ఎక్కితే బలం మళ్ళీ తగ్గుతుంది. పెయిస్లీ కాలవ మీద విలియం హ్యూస్టన్ పట్టుకున్న కిటుకు ఇదే, గుర్రం బెదిరి ఒక్కసారిగా పరిగెత్తినప్పుడు పడవ తేలిగ్గా పోవడం చూసి తెలిసిందని చెప్తారు. దాన్ని వాడుకోడానికి పడవనే మార్చేశారు, పలచటి ఇనప రేకు, దాదాపు 70 అడుగుల పొడవుకి ఐదారు అడుగుల వెడల్పు మాత్రమే, సామాను లేదు, మనుషులు మాత్రమే, కొన్ని మైళ్ళకోసారి కొత్త గుర్రాలు. ఈ పడవల మీద పరీక్షలు చేస్తూనే 1834లో ఎడిన్‌బరో దగ్గర యూనియన్ కాలవలో జాన్ స్కాట్ రస్సెల్ అనే ఇంజనీరు, ఆగిపోయిన పడవ నుంచి విడిపోయి తన మానాన తను పోతున్న ఒంటరి అలని గుర్రమెక్కి మైలో రెండు మైళ్ళో తరిమాడు, ఇప్పుడు సోలిటాన్ అని ఫిజిక్స్‌లో చదువుకునే సంగతి అక్కడ మొదలైంది.

పెయిస్లీ కాలవకి ఇంకో అదృష్టం కూడా ఉంది, 11 మైళ్ళ పొడవునా ఒక్క లాకు, అంటే నీళ్ళ మట్టం మారే చోట పడవని ఆపి దాటించే తలుపుల గది, లేదు. అల మీద ఎక్కిన పడవ ఆగకుండా పోవచ్చు. మనకి ప్రతి ఏరు దగ్గరా ఆగక తప్పదు. ఏరు దాటే చోట వరద నీళ్ళూ ఇసకా కాలవలోకి రాకుండా లాకులు కావాలి, అందులోనూ పోటు వచ్చే చోట లాకు మామూలు లాకులా ఉంటే సరిపోదు. మామూలు లాకు తలుపులు రెండూ ఒక వైపుకి మొన చేసుకుని మూసుకుంటాయి, ఎత్తు నీళ్ళే వాటిని నొక్కి బిగిస్తాయి. పోటు మీద ఏటి వైపు నీళ్ళు ఎత్తు, పాటు మీద కాలవ వైపు నీళ్ళు ఎత్తు, ఎటు ఎత్తో పూటకోసారి మారిపోతే ఒక జత తలుపులు వెనక్కి తెరుచుకుంటాయి, అందుకని రెండు వైపులకీ మొన ఉన్న రెండు జతలు పెట్టాలి. పడవ పొడవూ వెడల్పూ ఆ లాకు గదిని మించకూడదు, సరుకు పడవైనా మనుషుల పడవైనా అదే కొలతలో ఒదగాలి. హ్యూస్టన్ పడవ లాంటిది ఇక్కడికి తెచ్చినా పోటు కోసం వెయిట్ చెయ్యడానికే దాని టైమంతా పోయేది.

టైమ్ టేబుల్ రాకపోవడానికి కూడా ఇదే కారణం. హాలండ్‌లో 1632లోనే ఆమ్‌స్టర్‌డామ్, హార్లెమ్ మధ్య గుర్రం పడవలు గంట కొట్టి టైముకి బయల్దేరేవి, గంటకి ఏడు కిలోమీటర్లు, నింపాదిగా, కానీ చెప్పిన టైముకి చేరేవి. ఆ డచ్చివాళ్ళే అప్పటికి పులికాట్‌లో కోట కట్టుకుని కూర్చుని ఉన్నారు, 1613 నుంచి. వాళ్ళ ఊళ్ళో నీళ్ళు లాకుల మధ్య ఒకే మట్టంలో నిలబడి ఉంటాయి. మన దగ్గర పోటు రోజుకి రెండుసార్లు వస్తుంది, ప్రతి రోజూ 50 నిమిషాలు లేటుగా వస్తుంది, అమావాస్య పున్నాలకి ఎక్కువ, అష్టమికి తక్కువ. ఇవాళ పొద్దున ఆరింటికి కృష్ణపట్నం దగ్గర నీళ్ళు అందాయంటే వారం తర్వాత ఆరింటికి అక్కడ పడవ ఇసకలో కూర్చుంటుంది. గడియారం పెట్టుకుని నడిపే సర్వీసు ఇక్కడ కుదరదు, తిథి చూసి నడిపేది కుదురుతుంది. సరంగుకి పంచాంగం తెలియాల్సిందే.

ఇంతా చేసి మనుషుల కోసం ప్రత్యేకంగా పడవ కట్టేంత డబ్బు ఇందులో ఉందా అంటే లేదు. శ్రీహరికోట అడవి నుంచి వంటచెరుకు, తీరం వెంబడి సరివి కట్టె, చినగంజాం, కనుపర్తి ఉప్పు, వడ్లు, ఎండు చేపలు, ఇవన్నీ మద్రాసుకి పోయేవి, కాలవకి డబ్బు తెచ్చింది అవి. 1960-61లో మద్రాసుకి వచ్చిపోయిన పడవల లెక్క ఒకటుంది, 1,237 పడవలు, 2,16,538 టన్నుల సరుకు, 18,737 మంది జనం. పడవకి సరాసరి తీస్తే ఏడాదికి 175 టన్నుల సరుకు, 15 మంది మనుషులు. రైలూ బస్సూ వచ్చాక లెక్క కాబట్టి జనం తగ్గి ఉంటారు, ఒప్పుకోవాల్సిందే, కానీ ఈ నిష్పత్తి చూశాక పడవ ఎవరి కోసం కట్టారో ఇంకో సాక్ష్యం అక్కర్లేదు. కట్టెల మోపుల మధ్య గూడు కింద నలుగురికి చాప పరిస్తే అదే మనుషుల పడవ. ఈరీ కాలవ మీద సరుకు పడవ వేరు, మనుషుల పడవ వేరు, చార్జీలు వేరు. ఇక్కడ ఆ తేడా పెద్దగా రాలేదు, రావాల్సిన లాభం లేదు కాబట్టి.

అందుకే 1899లో బెజవాడ, గూడూరు మీదగా మద్రాసుకి రైలు కలిసినప్పుడు ముందు పోయింది జనమే. వారం ప్రయాణం ఒక రాత్రి ప్రయాణం అయిపోయింది, ఇంక పడవెక్కేది రైలు స్టేషన్‌కి దూరంగా దిబ్బల్లో ఉన్న ఊళ్ళ వాళ్ళు, సరుకుతో పాటు పోయేవాళ్ళు. కట్టె, ఉప్పు మాత్రం ఇంకో 60 ఏళ్ళు కాలవ మీదే పోయాయి, వాటికి తొందర లేదు. ఆ తర్వాత 1965, 66 తుఫాన్లకి గట్లు తెగి, ఇసక మేట వేసి, లాకులు పాడై, లారీలు వచ్చేసరికి అదీ అయిపోయింది.

2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఈ దారిని గోదావరి, కృష్ణా ముక్కలతో కలిపి 1,078 కిలోమీటర్ల నాలుగో నంబర్ జాతీయ జలమార్గం అన్నారు, అప్పటి నుంచి ఎలక్షన్ వచ్చినప్పుడల్లా కాలవలో టూరిస్ట్ బోట్లు తిప్పుతాం అనే మాట వినిపిస్తానే ఉంది. తిప్పాలంటే తేల్చాల్సినవి పైన చెప్పినవే. ఇంజన్ పడవకి ఫ్యాన్ తిరగడానికి లోతు కావాలి, ఆ ఫ్యాన్ లేపే అల ఇసక గట్టుని కోసేస్తుంది, కాబట్టి స్పీడు ఆరేడు కిలోమీటర్లకి మించి పెట్టకూడదు. గూడు ఎత్తు ఎంత ఉండాలో ఇప్పుడు కాలవ మీద ఉన్న చిన్న చిన్న రోడ్డు వంతెనలు చెప్తాయి, పోటు మీద వాటి కింద మిగిలే జాగా ఎంతో కొలవకుండా పడవ ఆర్డర్ ఇస్తే మైపాడులో కొన్నది మైపాడులోనే ఉండిపోతుంది. బ్యాటరీ పడవ అయితే ఇక్కడికి బాగా సరిపోవచ్చు, బరువు అడుగున ఉంటుంది, నిదానంగా పోయినా నష్టం లేదు, ఛార్జింగ్ రేవు రేవుకీ పెట్టుకోవచ్చు. కాకపోతే ఉప్పునీళ్ళకి వైర్లు, మోటారు ఎన్నాళ్ళు ఆగుతాయో ముందు ఒక పడవ మీద చూసుకుని, తర్వాత పది కొనడం మేలు.